సప్పటి కూర

సోహార్ క్యాంపు, పదకొండో నంబరు రూము.
ఎనిమిది మంచాలు, ఒక స్టవ్వు,
ఒక్క ఉప్పు డబ్బా.
వంట వంతులు గోడకు రాసుకున్నం గని
నాలుగేండ్ల సంది గంటె నా చేతులనే ఉన్నది.

మార్చిల ఆశన్న జబ్బకు
నల్లపట్టా చుట్టింది క్లినిక్ సిస్టర్.
గాలి కొట్టింది, వదిలింది, మళ్ల కొట్టింది.
మీద నూటయాభై ఆరు. కింద తొంభై ఎనిమిది.
"క్రేను ఎక్కేటోనివి,
వారం వారం వచ్చి చూపించుకో.
ఉప్పు తగ్గించు, నడువు, నిద్రపో.
మూడు నెలల్ల దిగకుంటే గోలి."

ఆ కాయితం జేబుల పెట్టుకొని వచ్చి
నన్ను ఏమీ అడగలే.
పళ్లెం ముందర కూసొని
చారు వాసన చూసిండు, అంతే.

తెల్లారి డబ్బా మూత తీస్తే
నా వేళ్లకు లెక్క దొరకలే.
మా అవ్వ నేర్పిన కొలత అది,
చూడకుండ వేసే చెయ్యి.
మొదటిసారి చెంచా వెతుక్కున్న.

"పైసలు అందరం సమానం పెడుతున్నం,
నాలుక ఒక్కనికేనా?" అన్నడు రాజలింగు.
తప్పు మాట కాదు.
నిమ్మకాయ పిండిన. ఎల్లిపాయ దంచిన.
జీలకర్ర మాడే అంచు దాక వేంచిన.
శుక్రవారం బజార్ల జర్జీర్ కట్టలు అగ్గువ,
ఆ ఘాటు ఆకు పప్పుల తుంచి వేస్తే
రాజలింగు రెండోసారి పెట్టుకున్నడు,
మెచ్చుకోలే.

ఆశన్న మంచం కింద మామిడి తొక్కు సీసా,
వాళ్ల అక్క బట్టల నడుమ చుట్టి పంపింది.
ఒక రాత్రి దాన్ని నడింట్ల పెట్టి
"మీరు తినుండ్రి" అన్నడు.
మూడు దినాలు ఎవ్వరం ముట్టలే.
నాలుగోనాడు ముట్టినం.
ఆకలికి సిగ్గు ఎంతసేపు.

మాపటికి గోడ పొంటి నడక.
ఒక్క తిప్పుకు ఆరువందల అడుగులట.
ఎదురు తిప్పుల గుల్ జమాన్ వస్తడు,
పెషావర్ దిక్కు ట్యాంకరు డ్రైవరు, అదే రోగం.
మాట కలవదు. ఎదురైనప్పుడల్లా
వేళ్లు లేపి నంబరు చూపించుకుంటరు:
ఒకటి. నాలుగు. తొమ్మిది.

జూన్ల అంగీల వీపుల మీద
చెమట ఎండి తెల్లగ గీతలు.
సేఫ్టీ ఆయన ఉప్పు పొట్లాలు పంచుతుండు,
నీళ్లల్ల కలుపుకోకుంటే పడిపోతరని.
ఆశన్న పొట్లం పట్టుకొని నిలబడ్డడు,
ఒకరు తినమంటరు, ఒకరు వద్దంటరు.
సిస్టర్ చెప్పింది: "పైన నీది ఏసీ డబ్బా,
నీకు నీళ్లు చాలు.
అది కింద ఇనుము మోసేటోళ్లది."
దిగి వచ్చి ఆ పొట్లం
బీహారు పోరని చేతుల పెట్టిండు.

ఉప్పు సంగతి అడిగింది గని
అప్పు సంగతి సిస్టర్ అడగలే.
రాత్రి పదకొండుకు ఊరి నుంచి ఫోను.
మిత్తి, మిత్తి మీద మిత్తి.
ఉప్పుకు చెంచా దొరికింది, దీనికేది?
ఇప్పుడు పండుకునే ముందు
ఫోను నాకు ఇస్తడు.
నా దిండు కింద అది బర్రుమని వణుకుతది.
ఆయన గురక ఆగదు.
లేచి కూసునేది నేను.

మూడో నెల: నూట ముప్పై ఎనిమిది, ఎనభై ఎనిమిది.
"ఇంక జర దిగాలె. నడుస్తనే ఉండు" అన్నది.
ఆ మాపు గుల్ జమాన్ వేళ్లు లేపలే,
జేబుల నుంచి గోలీల పట్టీ తీసి చూపించిండు,
ఓడిపోయినోని లెక్క.
ఆశన్న వాని భుజం మీద చెయ్యి వేసి
తిరుగు తిప్పు కట్టిండు.
ఆ దినం ఇద్దరూ ఒకే దిక్కు నడిచిండ్రు.

నిన్న రాజలింగు హోటల్ల తిని వచ్చి
"థూ, అంత ఉప్పేందిరా" అన్నడు.
ఎనిమిది మంచాలు నవ్వినయ్.
నేను గిన్నె తోముతున్న.
నా జబ్బకు ఆ పట్టా ఇంక చుట్టించుకోలే.
శుక్రవారం పోత
అని రెండు శుక్రవారాల సంది అంటున్న.